ఒంటిగంట తర్వాత అయ్యగారు

పోయిన శనివారం పొద్దున నా బైకు స్టార్టు కాలేదు. తాళం తిప్పితే లైట్లు వెలిగాయి గానీ, బటన్ నొక్కితే చప్పుడు లేదు. రెండుసార్లు నొక్కాను, మూడుసార్లు నొక్కాను. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో హెల్మెట్ చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపం రాలేదు, సంతోషం వేసింది. ఏడాదిన్నరగా చేద్దామనుకుంటూ చేయలేకపోయిన ఒక ఫోన్‌కి సాకు దొరికింది.

ఇక్కడ అమెరికాలోనే, ఒహాయో రాష్ట్రం నంబరు. పేరు స్థానంలో 'అయ్యగారు' అని మాత్రమే రాసుకున్నాను. నాలుగు రింగుల తర్వాత ఎవరో ఆడమనిషి ఎత్తారు.

"అయ్యగారు ఉన్నారా అండి?" అన్నాను.

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత, "ఎవరు బాబూ?" అని అడిగారు.

"ఎడిసన్ నుంచి అండి. అయ్యగారు ఇక్కడ గుడిల ఉన్నప్పటి నుంచి తెలుసు."

"ఆయన పోయి మూడు నెలలు దాటింది బాబూ. మీకెవరూ చెప్పలేదా? పొద్దున అభిషేకం అయ్యాక ఛాతీలో నొప్పిగా ఉందన్నారు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది."

ఆయనకి యాభై రెండో యాభై మూడో ఉంటాయి, అంతే. ఆవిడే అడిగారు, "ముహూర్తం ఏదైనా కావాలని చేశారా బాబూ?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "లేదండి. నా బైక్ స్టార్ట్ అయితలేదు" అన్నాను.

"బైకా?" అన్నారావిడ. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఒక్కటే ఉంది. "బైకు స్టార్టవకపోతే ఆయనకెందుకు చేశారు బాబూ? ఆయనకి అవన్నీ ఏం తెలుసు?"

ఇరవై అయిదేళ్ళు ఆయనతో కాపురం చేసిన భార్య. ఆవిడకి తెలియదు. చావు వార్త ఒక దెబ్బయితే, ఇది రెండోది. ఏదో పొరపాటున చేశానని సర్దిచెప్పి, నమస్కారం చెప్పి ఫోన్ పెట్టేశాను. బండి ఇంకా అక్కడే ఉంది. నేను చూడలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఏ గుడో తెలిసిపోతుంది. ఆయన మా గుడిలో ఉన్నది మూడేళ్ళు. నాతో బాగా మాట్లాడింది అందులో మూడు వారాలు, అదీ మంగళవారాల్లో, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత.

పొట్టి మనిషి. లావు వేళ్ళు, గోళ్ళ అంచుల్లో ఎప్పుడూ పసుపు. చలికాలంలో పంచె కింద ఉన్ని సాక్సులు వేసుకుని, ఉత్తరీయం మీద నల్లటి జాకెట్ తొడుక్కుని పార్కింగ్ లాట్‌లో వాహనపూజకి వచ్చేవారు. జాకెట్ జిప్పు చెడిపోయి ఉండేది. ఎన్ని వందల కార్లకి పూజ చేశారో గానీ ఆయనకి సొంత కారు లేదు. ఇళ్ళల్లో వ్రతాలకీ నోములకీ ఎవరో ఒకరు వచ్చి తీసుకువెళ్ళేవారు. భార్యా కూతురూ అప్పటికి కాకినాడలోనే ఉన్నారు. కూతురి ఇంటర్ అయ్యాక రప్పించుకోవాలని ఆయన ఆలోచన.

భక్తుల పేర్లు ఆయనకి గుర్తుండేవి కావు. గోత్రమూ బండీ గుర్తుండేవి. అర్చన టికెట్ ఇవ్వగానే మొహం చూసి, "భారద్వాజస, బూడిదరంగు వ్యాను" అనేసేవారు. జనం నవ్వేవారు. హారతి పళ్ళెం పట్టుకుని వచ్చి, కళ్ళకద్దుకుంటున్న వాళ్ళ చెవిలో, "కౌండిన్యసగారూ, మీ కారు బ్రేకులు అరిగిపోయాయి, ఇందాక లోపలికి వస్తుంటే విన్నాను, చూపించుకోండి" అనేవారు. గర్భగుడిలో మంత్రాలు చదువుతూ పార్కింగ్‌లో బ్రేకుల చప్పుడు ఎలా విన్నారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. చూపించుకున్న వాళ్ళు మాత్రం ఆయన చెప్పింది నిజమేనని వచ్చి చెప్పేవారు. అదంతా దైవశక్తి అనుకునేవాళ్ళం.

నేను బైకు కొన్నది మా ఎడిసన్ పక్కనే ఉడ్‌బ్రిడ్జ్‌లో ఒక రిటైరైన అమెరికన్ దగ్గర. పన్నెండేళ్ళ పాత బండి. మా ఆవిడ స్వాతికి ఇష్టం లేదు. "పూజ చేయిస్తేనే ఇంట్లోకి రానిస్తా" అంది. సరేనని ఒక ఆదివారం తీసుకెళ్ళాను. అయ్యగారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. కార్ల చుట్టూ అలా తిరగడం నేను చూడలేదు. వంగి ఇంజన్ కింద చూశారు, చెయిన్ మీద వేలుపెట్టి చూసుకున్నారు. తర్వాత సంకల్పం చెప్పి, కుంకుమ పెట్టి, హ్యాండిల్‌కి బంతిపూల దండ చుట్టి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, "ఊఁ, స్టార్ట్ చేసి తొక్కించు బాబూ" అన్నారు.

నొక్కాను. బండి పలకలేదు.

చుట్టూ పదిహేనుమంది ఉన్నారు. స్వాతి మొహం చూడలేకపోయాను. "నిన్న మంచిగనే ఉండె అయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వి, దండని రెండు వేళ్ళతో కొంచెం పక్కకి లాగి, కుడి హ్యాండిల్ మీదున్న ఎర్ర స్విచ్‌ని టక్కున నొక్కారు. "దండ దారం దీని మీద పడింది. ఇది ఆపేసే స్విచ్చి. ఇప్పుడు కొట్టు" అన్నారు. కొట్టాను. లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిమ్మకాయలు చితికాయి.

హ్యాండిల్ ఎడమకి తిప్పి బయటికి తీస్తుంటే ఆయన చెయ్యి పైకెత్తి ఆపారు. మొహంలో ఇందాకటి నవ్వు లేదు. దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పారు, "హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజన్ ఒక్క క్షణం ఊపిరి పట్టింది. విన్నావా?"

నాకేం వినబడలేదు.

"హైవే ఎక్కకు బాబూ. ఎడమ మలుపులో ఆగిపోయిందంటే పడిపోతావు. మంగళవారం ఒంటిగంటకి గుడి మూస్తాను. వెనక వంటింటి తలుపు దగ్గరికి తీసుకురా. ముందు వైపు వద్దు."

అలా మొదలైంది.

నాకు మంగళవారాలు ఇంటి నుంచి పని. గుడి పది నిమిషాల దూరం. ఒంటిగంటకి గర్భగుడి తలుపులు వేసి, పెరుగన్నం తిని, ఒంటిగంటన్నరకి ఆయన వెనక తలుపు తీసేవారు. ప్రసాదం వడ్డించే ప్లాస్టిక్ తొడుగులు రెండు చేతులకీ వేసుకుని, పంచె ఎగ్గట్టి, చెత్తడబ్బాకీ గోడకీ మధ్యన నేను పెట్టిన బండి పక్కన పెరుగు బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేవారు. ముందు పది నిమిషాలు ముట్టుకునేవారు కాదు. చూస్తూ కూర్చునేవారు. నేను ఏదో ఒకటి విప్పబోతే చేత్తో ఆపేవారు.

"కరెంటు బయల్దేరిందా? దారిలో ఉందా? చేరిందా? మూడే ప్రశ్నలు బాబూ. నాలుగోది లేదు."

నేను కొన్న మీటర్‌తో బ్యాటరీ చూశారు, బాగుంది. తీగల బిగింపులు చూశారు, బాగున్నాయి. ఎర్ర స్విచ్ విప్పి తుడిచారు. పక్క స్టాండు దగ్గరుండే స్విచ్ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంతకీ అక్కడ బండి ఒక్కసారి కూడా మొండికేసేది కాదు. ఇంటి దగ్గర పొద్దున్నే పలకదు. కిందామీదా పడి బయటికి లాగితే స్టార్టవుతుంది. గుడి వెనక్కి తీసుకువెళ్తే పదికి పదిసార్లూ పలుకుతుంది.

"గుడి ప్రభావం. దేవుడి ఎదురుగా అట్లనే ఉంటది" అని స్వాతి అన్నది. అదే మాట ఆయనకి చెప్పాను.

"దేవుడు వైర్లు చూడడు బాబూ" అన్నారాయన, చిరాగ్గా.

రెండోవారం ఓర్పు లేక కొత్త బ్యాటరీ కొని వేసుకుని వెళ్ళాను. ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. బకెట్ మీంచి లేచిపోయారు.

"తప్పు దొరక్కముందే సామాను మార్చేవాణ్ణి మా షెడ్డులో గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు!"

"మీ షెడ్డా?" అన్నాను.

ఆయన చటుక్కున వంటింటి తలుపు వైపు చూశారు. ఎవరూ లేరు. మళ్ళీ కూర్చుని, తొడుగులు తీసి మడిచి పక్కన పెట్టారు. తర్వాత ఆయన చెప్పింది నాలుగు మాటలే. వేదపాఠశాల అయ్యాక రెండేళ్ళు ఏ గుడిలోనూ పని దొరకలేదు. కాకినాడలో ఒక బైకుల షెడ్డులో చేరారు. ఇంట్లో ట్యూషన్లు చెప్తున్నానని చెప్పారు. పొద్దున సంధ్యావందనం చేసుకుని వెళ్ళి, సాయంత్రం కాలువలో ఇసకతో చేతులు తోముకుని ఇంటికి వచ్చేవారు.

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలీదు. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్నగారు నా చేతులు చూసి, గోళ్ళు నల్లగా ఉన్నాయేమిటని అడిగారు. హోమం మసి అన్నాను." నవ్వారు, గానీ ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. "తర్వాత ఇరవై అయిదేళ్ళు బండి ముట్టుకోలేదు. మళ్ళీ ముట్టుకున్నది నీదే."

మేము ఎనిమిది వందల కుటుంబాల వాళ్ళం దైవశక్తి అనుకున్నది ఒక మెకానిక్ చెవి. ఆ మాట పైకి చెప్పుకునే వీలు లేక, హారతి పళ్ళెం పట్టుకుని ఆయన మా బ్రేకుల సంగతి గుసగుసగా చెప్తూ వచ్చారన్నమాట.

తర్వాతి మంగళవారం వెళ్ళగానే ఆయన బండి వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"మీ ఇంటి దగ్గర ఎలా పెడతావో అచ్చం అలాగే పెట్టి చూపించు."

చెత్తడబ్బా దగ్గర ఇరుకని నేనెప్పుడూ హ్యాండిల్ నిటారుగా ఉంచేవాణ్ణి. ఇంటి దగ్గర దొంగల భయం. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పి తాళం వేస్తాను. బండిని బయటికి తెచ్చి అలాగే పెట్టాను. తాళం తీసి, హ్యాండిల్ అలాగే ఉంచి బటన్ నొక్కాను. చప్పుడు లేదు. మూడు వారాల్లో గుడి వెనక మొదటిసారి బండి మొండికేసింది. ఆయన మొహం వెలిగిపోయింది. బండి చెడిపోయినందుకు అంత ఆనందపడ్డ మనిషిని నేను చూడలేదు.

"దొరికాడు" అన్నారు.

తొడుగులు పీకి పారేశారు. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైర్లన్నీ ఒక కట్టగా వెళ్తాయి. ఆ కట్ట మీద చుట్టిన టేపు విప్పారు. "నువ్వు బటన్ నొక్కిపెట్టు. నేను చెప్పేదాకా వదలకు" అని, కళ్ళు మూసుకుని ఒక్కో వైరునీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఇంచు ఇంచూ నొక్కుకుంటూ వెళ్ళారు. నుదుట విభూతి, మెడలో రుద్రాక్షలు, వీపు మీదికి తోసుకున్న జంధ్యం, చేతికి నల్లటి జిడ్డు. నా కుడి బొటనవేలు బటన్ మీద ఉంది. ఎడమ చేత్తో ఫోన్ తీశాను. ఎందుకు తీశానో తెలియదు. అంత బాగుంది, తీశాను.

నలభై సెకన్లు. చివర్లో ఒక నలుపు వైరు దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. నొక్కారు. ఇంజన్ ఒక్కసారిగా లేచింది. ఆయన కళ్ళు తెరిచి పెద్దగా నవ్వారు. వైరు పైతొడుగు చక్కగా ఉంది, లోపల రాగి తెగిపోయి ఉంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా తెగిన కొసలు విడిపోతున్నాయి. అరగంటలో కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి ఇచ్చారు. "ఇక హైవే ఎక్కు" అన్నారు.

ఆ సాయంత్రం వీడియోని మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో పెట్టాను. అందులో గుడి కమిటీవాళ్ళెవరూ లేరు. 'మా అయ్యగారు మెకానిక్ కూడా!' అని రాసి, మూడు నవ్వు బొమ్మలు పెట్టాను. చెడు ఉద్దేశం ఏదీ లేదు. గర్వంతోనే పెట్టాను.

మర్నాడు పొద్దున అదే వీడియోని హైదరాబాద్ నుంచి మా మేనత్త నాకు పంపింది. 'అమెరికాల పంతులు చూడు' అని. ఎవరు తీశారో, బండి ఎవరిదో, ఎక్కడిదో అందులో లేదు. గుడి వెనక గోడ మాత్రం కనబడుతోంది. మా వాళ్ళకి ఆ గోడ చాలు.

శుక్రవారానికల్లా గుడి గ్రూపులో గొడవ మొదలైంది. గొప్పోడని కొందరు, జిడ్డు చేతులతో అభిషేకం చేస్తాడా అని కొందరు. ఒకాయన, 'రేటెంతో కనుక్కోండి' అని రాశాడు. ఇంకొకాయన ఆ కింద రాసిన ఒక్క వాక్యం అందరినీ భయపెట్టింది. 'రెలిజియస్ వర్కర్ వీసా మీద సైడ్ బిజినెస్ చేయొచ్చా?' శనివారం అర్చనకి వచ్చిన వాళ్ళలో ఇద్దరు ఇంజన్ లైటు వెలిగిన కార్లు తెచ్చి ఆయన్ని బయటికి పిలిచారట. ఆయన వెళ్ళలేదు.

ఆదివారం మధ్యాహ్నం కమిటీ మీటింగు. గుడి వెబ్‌సైట్ చూసే వాలంటీర్‌ని కాబట్టి నేనూ అక్కడే, ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. సెక్రటరీగారు మంచి మనిషే. ఆ రోజు ఆయన భయపడి ఉన్నారు.

"పంతులుగారూ, మీరు డబ్బులు తీసుకున్నారని మేమనడం లేదు. కానీ ఇది లయబిలిటీ ఇష్యూ. రేపు ఎవరైనా కంప్లయింట్ చేస్తే గుడి మొత్తం ఇమ్మిగ్రేషన్‌లో ఇరుక్కుంటుంది. ఆ బండి ఎవరిది? వీడియో ఎవరు తీశారు? వాళ్ళొచ్చి, ఊరికే సాయం చేశారు అని రాసిస్తే మాకు కొంచెం ధైర్యం."

అయ్యగారు గోడ పక్కన నిలబడి ఉన్నారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆ గదిలో పదకొండుమందిమి ఉన్నాం. ఆయన కళ్ళు ఒక్కొక్కరి మీదుగా వచ్చి నా మీద ఆగాయి. ఒక్క సెకను. నేను లేవాలి. లేచి, 'బండి నాది, వీడియో నేనే తీసిన' అనాలి. అంతే. నా గ్రీన్‌కార్డు ఫైలు, నా ఉద్యోగం, స్వాతి, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. వాటికీ ఈ వీడియోకీ ఏ సంబంధమూ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు లేవలేకపోయాను.

ఆయన కళ్ళు నన్ను దాటి వెళ్ళాయి.

"ఎవరో భక్తులండీ. మొహం గుర్తు లేదు" అన్నారు.

ఎనిమిది వందల గోత్రాలు, ఎనిమిది వందల బండ్లు గుర్తున్న మనిషి. సెక్రటరీగారు నమ్మారో లేదో తెలియదు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆ అబద్ధం ఆయన అంత మామూలుగా, మంత్రం చెప్పినంత తేలిగ్గా చెప్పేసరికి నేను ల్యాప్‌టాప్ తెర మీదికి తల వంచేశాను. మిగతా మీటింగులో ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క వినలేదు. చివర్లో, వీడియో ఎవరి దగ్గరున్నా తీసేయమని సెక్రటరీగారు గ్రూపుల్లో పెట్టాలని తేల్చారు.

రెండు నెలల్లో ఆయన కాంట్రాక్టు అయిపోయింది. పొడిగించలేదు. కారణం చెప్పలేదు, అడిగే అలవాటు ఆయనకీ లేదు. ఒహాయోలో ఒక చిన్న గుడివాళ్ళు వీసా కాగితాలు మార్చుకుని పిలిపించుకున్నారు. ఆ రెండు నెలలూ నేను మంగళవారాలు గుడి వెనక్కి వెళ్ళలేదు. ముందు వైపు నుంచి వెళ్తే హారతి ఇచ్చేవారు, చేతిలో తీర్థం పోసేవారు, మిగతా అందరికీ ఎలా పోసేవారో అలాగే.

వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో ఎవరు దింపుతారని వాలంటీర్ల గ్రూపులో అడిగితే నేను పేరిచ్చాను. మధ్యాహ్నం ఫ్లైటు. రెండు పెట్టెలు, ఒక దర్భల కట్ట, దేవుడి విగ్రహం ఉన్న చేతిసంచీ. సంచీని ఒళ్ళో పెట్టుకుని పక్కసీట్లో కూర్చున్నారు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే హైవే ఎక్కాం. ఇక ఉండబట్టలేక, "అయ్యగారూ, ఆ వీడియో…" అన్నాను.

"తెలుసు బాబూ" అన్నారు.

"ఆ రోజు మీటింగ్ల నేను లేచి చెప్పాల్సింది. నాకు…"

"చెప్పుంటే ఏమయ్యేది? ఇద్దరం ఇరుక్కునేవాళ్ళం. దాని గురించి వదిలెయ్యి."

నేను వదల్లేదు. వీడియో తీసే ముందు అడగాల్సిందనీ, గ్రూపులో పెట్టే ముందైనా అడగాల్సిందనీ, అడిగుంటే ఆయన వద్దనేవారనీ ఏవేవో చెప్పుకుంటూ పోయాను. ఆయన అడ్డుపడ్డారు.

"వద్దనేవాణ్ణి కాదు" అన్నారు.

రోడ్డు మీంచి కళ్ళు తిప్పి ఆయన వైపు చూశాను.

"నువ్వు ఫోన్ పైకెత్తడం నేను చూశాను బాబూ. చూశాకే కళ్ళు మూసుకున్నాను. వైరు సరిగ్గా కనబడాలని మోచెయ్యి కొంచెం పక్కకి కూడా జరిపాను." సిగ్గుపడుతున్నట్టు సంచీ జిప్పు లాగుతూ మాట్లాడుతున్నారు. "నేను పూజలు చేస్తున్న వీడియోలు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. పని చేస్తుండగా తీసింది అదొక్కటే."

మూడేళ్ళు మా గుడిలో తెల్లవారుజామున లేచి అభిషేకాలు చేసిన మనిషి 'పని' అన్న మాటని ఆ ఒక్కదానికి దాచుకున్నారు.

"గ్రూపులో వచ్చింది కదా, నా ఫోన్లోనూ ఉండేది. రోజూ మధ్యాహ్నం గుడి మూశాక ఒకసారి చూసుకునేవాణ్ణి. నిన్న గుడి ఫోను తిరిగిచ్చేశాను, దాంతోపాటే పోయింది. ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని అడిగితే ఒకాయన పంపాడు. దాని మీద వీణ సంగీతం పెట్టేశారు బాబూ. బండి లేచిన చప్పుడు వినబడదు. చప్పుడు లేకపోతే ఇంకేముంది అందులో?" నా వైపు తిరిగారు. "అసలుది నీ దగ్గర ఉంటుంది కదా. పంపుతావా? కొత్త నంబరు ఇస్తాను."

ఆ ఆదివారం మీటింగు నుంచి ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే నేను చేసిన మొదటి పని, ఫోన్లోంచీ, గ్రూపులోంచీ, బ్యాకప్‌లోంచీ ఆ వీడియోని తీసేయడం. చెత్తడబ్బా గుర్తున్న ఫోల్డర్‌లోకి కూడా వెళ్ళి ఖాళీ చేశాను. మూడుసార్లు చూసుకున్నాను, ఎక్కడా మిగల్లేదని నిర్ధారించుకున్నాకే అన్నం తిన్నాను.

"లేదండి" అన్నాను.

"అంటే?"

"ఆ రోజే డిలీట్ చేసిన. భయమేసి."

"అయ్యో" అన్నారాయన.

జిడ్డు చేతులని తిట్టినప్పుడు గానీ, వీసా పేరు చెప్పి బెదిరించినప్పుడు గానీ, కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పినప్పుడు గానీ ఆయన నోట రాని మాట. ఎంతో మెల్లిగా అన్నారు. నన్ను నిందించడానికి కాదు. చేతిలోంచి ఏదో జారి కిందపడితే మనకి మనం అనుకుంటామే, అలా అన్నారు.

ఎయిర్‌పోర్టు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. టెర్మినల్ ముందు కారు ఆపితే తనే దిగి పెట్టెలు దింపుకున్నారు. నేను కాళ్ళకి దండం పెట్టబోతే భుజం పట్టుకుని లేపి, అక్షింతలకి బదులు వట్టి చేత్తో నా తల మీద తట్టి లోపలికి వెళ్ళిపోయారు. అద్దాల తలుపు మూసుకుంది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. పోలీసాయన వచ్చి కిటికీ మీద తట్టి, కదలమని చేత్తో సైగ చేశాడు. తల ఊపాను గానీ, కారు ఎలా కదిలించాలో కాసేపటిదాకా నాకు గుర్తు రాలేదు.